మందు వచ్చింది... మనిషి రావాలి!

మా ఫ్రిజ్ తలుపులో గుడ్లు పెట్టుకునే అర ఉంది కదా, అందులో గుడ్లు పెట్టి పదేళ్లు దాటింది. అక్కడ ఎప్పుడూ రెండు చిన్న అట్టపెట్టెలుంటాయి. ఇంటికొచ్చినవాళ్లు మంచినీళ్ల సీసా తీసుకుంటూ వాటిని చూసి, "షుగరు ఎవరికండీ, మీకా, మీవారికా?" అని అడుగుతారు. ఇన్సులిన్ అనుకుంటారు పాపం. "మా అబ్బాయి మందండీ, షుగరు కాదు" అంటాను. ఆ పైన చెప్పడం మొదలెడితే పొయ్యిమీద కూర మాడిపోయేంత కథ ఉంది. అందుకని చాలాసార్లు నవ్వి ఊరుకుంటాను.

ఈసారి ఊరుకోదలచుకోలేదు. ఎందుకంటే ఇది మా ఒక్క ఇంటి కథ కాదు. ఈ జబ్బున్న పిల్లవాడు మీ వీధిలోనో, మీ పిల్లల బళ్లోనో ఉండి ఉండొచ్చు. ఆ తల్లి కూడా నాలాగే నవ్వి ఊరుకుంటూ ఉండొచ్చు.

మావాడికి హీమోఫిలియా. అంటే నెత్తురు గడ్డకట్టని జబ్బు.

మూడు రోజులు ఆగని నెత్తురు

మాది గుంటూరు జిల్లాలో ఓ చిన్న టౌను. మావారు బట్టలకొట్టులో గుమాస్తా. పెద్దది ఆడపిల్ల. తర్వాత 2008లో వీడు పుట్టాడు. మగపిల్లాడు పుట్టాడని అత్తయ్య వీధంతా మిఠాయిలు పంచింది.

పాకడం మొదలుపెట్టాక వాడి మోకాళ్ల మీద, మోచేతుల మీద నల్లగా కమిలిన మచ్చలు కనిపించాయి. చంకల కింద చేతులు వేసి ఎత్తుకుంటే అక్కడ కూడా వేలిముద్రల్లా మచ్చలు. పక్కింటావిడ ఒకరోజు గొంతు తగ్గించి, "పసివాణ్ని గిల్లుతున్నావా ఏమిటమ్మా?" అని అడిగింది. నాకు ఒళ్లు మండిపోయింది. అత్తయ్య మాత్రం దిష్టి తీసి, తాయెత్తు కట్టించింది.

పదకొండో నెలలో గడప దగ్గర బోర్లా పడ్డాడు. పై పెదవి లోపల చిన్న చీలిక. మామూలు పిల్లలకైతే పది నిమిషాల్లో మర్చిపోయే దెబ్బ. వీడికి ఆ రాత్రంతా నెత్తురు ఊరుతూనే ఉంది. ధారగా కాదు, చెమ్మలా. పాలు పడితే పాలు ఎర్రగా అయ్యేవి. పొద్దున్నే ఆస్పత్రికి తీసుకెళ్తే కుట్టు వేశారు. కుట్టు వేసిన సూది రంధ్రం నుంచి కూడా నెత్తురు! మూడో రోజుకి పిల్లవాడు తెల్లకాగితంలా అయిపోయాడు.

గుంటూరులో ఒక పిల్లల డాక్టరు నన్ను ఒకే ప్రశ్న అడిగారు. "అమ్మా, మీ పుట్టింటివైపు మగపిల్లలెవరైనా ఇలా రక్తం ఆగక చనిపోయారా?"

"లేదండీ" అన్నాను గట్టిగా. నా వెనక నిలబడ్డ మా అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడవడం మొదలుపెట్టింది. అమ్మకి ఒక తమ్ముడు ఉండేవాడట. తొమ్మిదేళ్లప్పుడు పన్ను పీకిస్తే నాలుగో రోజుకి పోయాడట. గాలి సోకిందని ఊళ్లో అనుకున్నారట. ఆ మాట నాకు ఎప్పుడూ చెప్పలేదు.

రక్తం పరీక్షకి హైదరాబాదు పంపారు. జవాబు వారానికి వచ్చింది. ఫ్యాక్టర్ 8 ఒక శాతం కన్నా తక్కువ. తీవ్రమైన హీమోఫిలియా-ఎ.

తప్పెవరిది?

"మా వంశంలో లేని రోగం. నీ పుట్టింటి నుంచి తెచ్చావు" అంది అత్తయ్య. ఆ మాట ఆవిడ ఒక్కసారే అంది. నాకు మాత్రం రోజూ వినిపించేది.

డాక్టరుగారు కాగితం మీద బొమ్మ వేసి చెప్పారు. మన రక్తం గడ్డకట్టడానికి ఒకదాని తర్వాత ఒకటి పనిచేసే ప్రొటీన్లు ఉంటాయి. వాటినే ఫ్యాక్టర్లు అంటారు. గొలుసులో ఒక లంకె లేకపోతే గొలుసు తెగినట్లే కదా. ఎనిమిదో నెంబరు ఫ్యాక్టర్ లేకపోతే హీమోఫిలియా-ఎ, తొమ్మిదోది లేకపోతే హీమోఫిలియా-బి. మొదటిది దాదాపు ప్రతి 5,000 మంది మగపిల్లల్లో ఒకరికి వస్తుంది. రెండోది ఇంకా అరుదు.

ఆ ఫ్యాక్టర్ తయారీ సూచన ఉండేది ఎక్స్ క్రోమోజోమ్ మీద. ఆడవాళ్లకు ఎక్స్‌లు రెండు. ఒకటి చెడినా రెండోది చాలావరకు ఆదుకుంటుంది. మగవాడికి ఒక్కటే, అదీ తల్లి ఇచ్చిందే. అందువల్ల లోపాన్ని మోస్తున్న తల్లికి పుట్టే ప్రతి కొడుక్కీ జబ్బు రావడానికి సగం అవకాశం. ప్రతి కూతురూ తల్లిలాగే లోపాన్ని మోసే అవకాశం కూడా సగమే. జబ్బున్న మగవాడి కూతుళ్లందరూ దాన్ని మోస్తారు, కొడుకులకు మాత్రం రాదు. ఇంగ్లండు రాణి విక్టోరియా కుటుంబంలోనూ ఇదే జరిగింది. ఆవిడ కొడుకు లియోపోల్డ్ 1884లో దీనితోనే పోయాడు. కూతుళ్ల ద్వారా ఇది రష్యా, స్పెయిన్ రాజకుటుంబాల దాకా పాకింది.

ఇంకో సంగతి కూడా చెప్పారాయన. ఈ జబ్బుతో పుట్టే ప్రతి ముగ్గురిలో ఒకరికి అటు ఇటు ఏ తరంలోనూ ఇలాంటి చరిత్ర ఉండదు. కొత్తగా, దానంతటదే వచ్చే మార్పు అది. "రంగు ఎంచుకుని పిల్లల్ని కంటామా అమ్మా? ఇదీ అంతే" అన్నారు. మావారు ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుని, ఇంటికొచ్చాక వాళ్లమ్మకి బొమ్మ చూపించి మరీ చెప్పారు. అత్తయ్య ఏమీ అనలేదు. మర్నాటి నుంచి వాడు పాకే నేలంతా పాత బొంతలు పరిచింది. ఆవిడ చెప్పిన క్షమాపణ అదేనని తర్వాత అర్థమైంది నాకు.

లెక్క కుదరని రోజులు

చాలామంది ఈ జబ్బంటే గీసుకుంటే ప్రాణం పోతుందనుకుంటారు. అది నిజం కాదు. వీళ్లకు నెత్తురు మనకన్నా వేగంగా కారదు, ఎక్కువసేపు కారుతుంది. అసలు భయం పైకి కనిపించే గాయంతో కాదు, లోపల కారే నెత్తురుతో. మోకాలు, చీలమండ, మోచేయి... ఈ కీళ్లలోకి దెబ్బ తగలకుండానే నెత్తురు దిగుతుంది. కీలు బెలూనులా ఉబ్బి, పిల్లవాడు దుప్పటి తగిలినా కేకలు పెడతాడు. ఒకే కీలులో మళ్లీ మళ్లీ ఇలా జరిగితే లోపలి పొర దెబ్బతిని, మృదులాస్థి అరిగి, చిన్నప్పుడే ముసలివాళ్ల కీలులా బిగుసుకుపోతుంది.

దీనికి మందు లేదా అంటే, ఉంది. లేని ఫ్యాక్టర్‌ను పొడి రూపంలో సీసాలో పెట్టి అమ్ముతారు. నీళ్లు కలిపి నరంలోకి ఎక్కించాలి. ఫ్యాక్టర్ 8 ఎక్కించాక పది పన్నెండు గంటల్లోనే ఒంట్లో సగానికి పడిపోతుంది. 20 కిలోల పిల్లవాడి మోకాలిలో నెత్తురు దిగితే సుమారు 400 యూనిట్లు కావాలి. తగ్గకపోతే మర్నాడు మళ్లీ. మావాడికి ఐదేళ్లప్పుడు 500 యూనిట్ల మందుకి నాలుగైదు వేలు పెట్టాం. నెలకి రెండు మూడుసార్లు కీలు వాచేది. మావారి జీతం ఆ రోజుల్లో ఏడువేలు. ఈ లెక్క ఏ తల్లికి కుదురుతుంది చెప్పండి?

నా గాజులు పోయాయి. నల్లపూసల గొలుసు పోయింది. అవీ అయిపోయాక ఐసు ముక్కలు కట్టి, ప్లాస్మా ఎక్కించి నెట్టుకొచ్చాం. ప్లాస్మా నుంచి తీసే క్రయో అనే పదార్థం దొరికిన రోజు అదృష్టం అనుకునేవాళ్లం. జూడిత్ పూల్ అనే అమెరికా శాస్త్రవేత్త 1964లో దీన్ని కనిపెట్టిందట. గడ్డకట్టించిన ప్లాస్మాని మెల్లగా కరిగిస్తే అడుగున మిగిలే మడ్డిలో ఫ్యాక్టర్ 8 నిండుగా ఉంటుందని గమనించింది. ఒక ఆడమనిషి చూపు వల్ల ఎందరు తల్లుల కడుపు నిలిచిందో! అయితే క్రయోలో వైరస్‌లను చంపే పద్ధతి మామూలుగా ఉండదు. శుద్ధిచేసిన సీసామందే మేలు. కానీ కొనలేం.

2013లో ఒకసారి మందుకి డబ్బు దొరకక రెండు రోజులు ఆలస్యం చేశాం. ఎడమ మోకాలు. ఆ రెండు రోజుల తర్వాత వాడి కాలు ఎప్పుడూ పూర్తిగా చాపుకోలేదు.

కలెక్టరాఫీసు మెట్లు

ఆస్పత్రి వరండాలో నాలాంటి తల్లులు ఇంకా ఇద్దరు తగిలారు. ఒకావిడ మిరపకాయల కోతకి వెళ్లే కూలీ. ఇంకొకావిడ టీచరు. ముగ్గురం కలిసి హీమోఫిలియా ఉన్నవాళ్ల సంఘం గురించి తెలుసుకున్నాం. తీవ్రమైన హీమోఫిలియాతోనే పుట్టిన అశోక్ బహదూర్ వర్మ అనే ఆయన 1983లో ఢిల్లీలో మొదలుపెట్టిన సమాఖ్య అది. దేశమంతా దాని శాఖలున్నాయి. అక్కడికి వెళ్లాకే "ప్రభుత్వమే మందు ఇవ్వాలని అడగొచ్చు" అన్న సంగతి మాకు తట్టింది.

సోమవారం గ్రీవెన్సుకి అర్జీ పట్టుకుని కలెక్టరాఫీసుకి వెళ్లాం. ఒకసారి కాదు, ఏడు సోమవారాలు. టీచరుగారు రాసేది, కూలికి వెళ్లే ఆవిడ మాట్లాడేది, నేను పిల్లవాణ్ని ఎత్తుకుని నిలబడేదాన్ని. "ఇంత ఖరీదైన మందు ముగ్గురు పిల్లలకోసమా?" అన్నారొకరు. ఆవిడ తడుముకోకుండా, "వీడి కాలు పోతే రేపు వీడికి జీవితాంతం మీరే పింఛను ఇవ్వాలి గదయ్యా. ఇప్పుడు మందిస్తే వాడే సంపాదించి మీకు పన్ను కడతాడు" అంది. ఆ గదిలో అందరూ ఆవిడ వంకే చూశారు.

2015లో ఒక మధ్యాహ్నం ఫోనొచ్చింది. ఫ్యాక్టర్ వచ్చిందని, ఉచితంగా ఇస్తారని. ఆ రోజు అత్తయ్య పరమాన్నం వండింది. ఇక మా కష్టాలు తీరాయనే అనుకున్నాను.

తాళంచెవి ఇంట్లో ఉంది

మూడు నెలలు తిరక్కుండానే తెలిసొచ్చింది. ఒక శనివారం రాత్రి పదిన్నరకి వాడి మోకాలు మళ్లీ ఉబ్బింది. పరుగెత్తాం. క్యాజువాలిటీలో ఉన్న కుర్ర డాక్టరుకి ఈ జబ్బు పుస్తకంలో చదవడమే గాని ఎప్పుడూ చూడలేదు. "ముందు ఎక్స్‌రే తీయించుకు రండి" అన్నాడు. మందు ఇక్కడే ఉందని నేను మొత్తుకుంటే స్టోరుకి మనిషిని పంపాడు. స్టోరు తాళం వేసి ఉంది. తాళంచెవి ఫార్మసిస్టు ఇంట్లో ఉంది. ఆయన సోమవారం వస్తాడు.

పిల్లవాడు నొప్పికి ఏడుస్తుంటే ఎవరో జాలిపడి పిరుదు మీద నొప్పి ఇంజెక్షన్ పొడిచారు. హీమోఫిలియా ఉన్నవాళ్లకి కండలోకి సూది వేయకూడదు. తెల్లారేసరికి ఆ తుంటి కూడా నల్లగా వాచింది. ఎవర్నీ తిట్టడానికి చెప్పడం లేదు. వాళ్లకు ఎవరూ నేర్పలేదు, అంతే. మాకు యాభై అడుగుల దూరంలో, గోడ అవతల చల్లని పెట్టెలో మందు ఉంది. దాన్ని ఎప్పుడు, ఎంత, ఎలా ఇవ్వాలో తెలిసిన మనిషి లేడు.

ఆ రాత్రి నాకు అర్థమైన సంగతి చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. ప్రభుత్వం సీసా కొంటే వైద్యం చేసినట్లు కాదు. సీసాతోపాటు మనిషిని కూడా కొనాలి. ఫ్యాక్టర్ శాతం కొలిచే ల్యాబు, పిల్లవాడి సన్నని నరం పట్టుకోగల నర్సు, బిగిసిన కీలుని మెల్లగా కదిలించే ఫిజియోథెరపిస్టు, పన్ను పీకేముందు రక్తం డాక్టర్ని అడగాలని తెలిసిన దంతవైద్యుడు... వీళ్లంతా ఒకచోట ఉంటేనే దాన్ని హీమోఫిలియా వైద్యం అంటారు. తలకి దెబ్బ తగిలితే ముందు ఫ్యాక్టర్ ఎక్కించి తర్వాతే స్కానింగుకి పంపాలి. కడుపులోపలి కండలో నెత్తురు దిగితే అచ్చం అపెండిసైటిస్‌లాగే ఉంటుంది. తెలియనివాళ్లు కత్తి పెడితే ప్రాణమే పోతుంది. తీవ్రమైన హీమోఫిలియా-ఎ ఉన్నవాళ్లలో నూటికి పాతిక ముప్పై మందికి మందుకే విరుగుడు ఒంట్లో పుట్టుకొస్తుంది. అది కనిపెట్టే పరీక్ష లేకపోతే లక్షల రూపాయల మందు నీళ్లలో పోసినట్లే.

సిస్టర్ గారి చేతిచలవ

ఆ తర్వాత ఒక స్టాఫ్ నర్సుగారు మాకు దొరికారు. శిక్షణకి వెళ్లొచ్చి, సీతాకోకచిలుక రెక్కల్లాంటి సన్నసూదితో మావాడి నరం ఒక్కసారికే పట్టుకున్నారు. ఇంతకుముందు ఆరేడు పొడుపులు పొడిచేవారు. ఆవిడ అక్కడితో ఆగలేదు. "అర్ధరాత్రి నాకోసం ఎందుకమ్మా పరుగు, నువ్వే నేర్చుకో" అన్నారు. నాకు సూదంటేనే చెమటలు. ముందు నారింజపండు మీద, తర్వాత మావారి చేతిమీద నేర్పించారు. పాపం ఆయన కిక్కురుమనలేదు. పొడిలో నీళ్లు పోశాక సీసాని ఊపకూడదని, అరచేతుల మధ్య మెల్లగా దొర్లించాలని, ఎక్కించిన ప్రతిసారీ తారీకు, యూనిట్లు, సీసా బ్యాచి నెంబరు నోటుపుస్తకంలో రాయాలని చెప్పారు. ఆ రోజు నుంచే మా గుడ్ల అరలోకి అట్టపెట్టెలొచ్చాయి. వాపు మొదలైన అరగంటలో మందు పడితే, మూడు రోజులు మంచంలో ఉండాల్సినవాడు మర్నాడు బడికి వెళ్లేవాడు.

తర్వాత వారానికి రెండుసార్లు ముందుగానే కొద్ది మోతాదులో మందు ఇవ్వడం మొదలుపెట్టారు. నెత్తురు దిగాక కాదు, దిగకుండా. స్వీడన్‌లోని మాల్మోలో ఇంగా మేరీ నిల్సన్ అనే డాక్టరమ్మ 1958లోనే ఈ పద్ధతి మొదలుపెట్టారట. ప్రపంచ హీమోఫిలియా సమాఖ్య 2020 మార్గదర్శకాల్లో దీన్నే అసలైన వైద్యంగా చెప్పింది. డబ్బు తక్కువున్న చోట తక్కువ మోతాదుతోనైనా ఇవ్వొచ్చని, కీళ్లు చాలావరకు నిలుస్తాయని మన వెల్లూరు డాక్టర్లూ చెబుతారు.

అలా రెండేళ్లు హాయిగా గడిచాయి. అంతలో సిస్టర్ గారికి బదిలీ అయింది. ఆవిడ స్థానంలో శిక్షణ పొందినవాళ్లు ఎవరూ రాలేదు. అదే సమయంలో మందు కూడా రెండు నెలలు రాలేదు. "ఇండెంటు పెట్టాం, టెండరు కాలేదు" అన్నారు. ఆ రెండు నెలల్లో వాడి మోకాలిలో ఐదుసార్లు నెత్తురు దిగింది. రెండేళ్లు కష్టపడి చాపిన కాలు మళ్లీ ముడుచుకుంది. రోజూ తినే అన్నం రెండు నెలలు ఆపి, తర్వాత రెట్టింపు పెడతానంటే ప్రాణం నిలుస్తుందా? ఈ మందూ అంతే.

ఎక్కడ ఆగిపోతోంది?

ఎందుకిలా జరుగుతుందని టీచరుగారు అడిగి అడిగి కనుక్కున్నారు. ఫ్యాక్టర్ కొనడానికి కేంద్రం నుంచి జాతీయ ఆరోగ్య మిషన్ ద్వారా రాష్ట్రాలకు సాయం దొరుకుతుంది. మన తెలుగు రాష్ట్రాల్లాంటి చోట్ల మిషన్ ఖర్చులో 60 వంతులు కేంద్రం, 40 వంతులు రాష్ట్రం భరిస్తాయి. అయితే ఎంత కావాలో రాష్ట్రమే ప్రణాళికలో రాసి అడగాలి. ఆ లెక్క పేరు నమోదైన పిల్లల్ని బట్టి వేస్తారు. మన దేశంలో ఈ జబ్బున్నవాళ్లలో చాలామందికి జబ్బు ఉన్నట్లే తెలియదు. పేరు లేనివాడికి మందు ఎవరు రాస్తారు? పైగా పిల్లలు పెరుగుతారు, బరువు పెరిగితే మందూ పెరగాలి. ఒక్కడికి ఆపరేషన్ పడితే పదిమంది మందు ఒకేసారి అయిపోతుంది. ఈ తేడాలన్నీ కలిపి చూస్తే ఏడాది ముగిసేలోగానే సీసాలు ఖాళీ.

ఇచ్చినవి మర్చిపోకూడదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం హీమోఫిలియాని వైకల్యాల జాబితాలో చేర్చింది. 40 శాతం, ఆ పైన వైకల్యం ఉన్నట్లు సర్టిఫికెట్ ఉంటే ప్రభుత్వ, ప్రభుత్వ సాయం పొందే ఉన్నత విద్యాసంస్థల్లో 5 శాతం సీట్ల రిజర్వేషన్ కింద దరఖాస్తు చేయొచ్చు. అదే చట్టంలో ఉద్యోగాల రిజర్వేషన్ జాబితాలో మాత్రం రక్తసంబంధమైన జబ్బులు లేవు. చదివించి, గుమ్మం దగ్గర ఆపినట్లుంది ఇది. ఆంధ్రప్రదేశ్‌లో తలసీమియా, సికిల్ సెల్‌తోపాటు తీవ్రమైన హీమోఫిలియా ఉన్నవాళ్లకీ 2020 జనవరి నుంచి నెలకు 10,000 రూపాయల పింఛను మంజూరైంది. ఆ డబ్బు మా ఇంటికి ఎంత ఊరటో మాటల్లో చెప్పలేను. కానీ పింఛను మందుకి బదులు కాదు. పెద్దయిన పిల్లవాడికి ఆ డబ్బుతో ఒకటి రెండు సూదులు కూడా రావు.

కొత్త మందులూ వచ్చాయి. అమెరికాలో 2017లో అనుమతి పొందిన ఎమిసిజుమాబ్ అనే మందు నరంలోకి కాదు, చర్మం కింద వేస్తారు. వారానికో, రెండు నాలుగు వారాలకో ఒకసారి చాలు. విరుగుడు పుట్టినవాళ్లకీ పనిచేస్తుంది. ఖరీదు మాత్రం ఆకాశంలో ఉంది. కేరళ ప్రభుత్వం 2024లో 18 ఏళ్లలోపు పిల్లలకు దీన్ని ఉచితంగా ఇవ్వాలని నిర్ణయించింది. అదే ఏడాది డిసెంబరులో వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ డాక్టర్లు జన్యుచికిత్స ఫలితాలు ప్రకటించారు. ఐదుగురికి చేశారు. ఆ తర్వాత గమనించినంతకాలం ఏ ఒక్కరికీ నెత్తురు దిగలేదు. ఆ పరిశోధనకి కేంద్ర బయోటెక్నాలజీ విభాగం సాయం ఉంది. ప్రభుత్వం డబ్బు పెడితే, దానికి తెలిసిన చేతులు తోడైతే ఏం జరుగుతుందో చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

ఆడపిల్లల సంగతి ఎవరడుగుతారు?

ఇక్కడ మనందరికీ సంబంధించిన మాట ఒకటుంది. ఇది మగపిల్లల జబ్బని అందరూ అంటారు, నేనూ అలాగే అనుకున్నాను. మా పెద్దదానికి పన్నెండో ఏట నుంచి నెలసరి వస్తే ఎనిమిది తొమ్మిది రోజులు ఆగేది కాదు. "కొందరికి అంతేలే" అన్నారు. నా మొదటి కాన్పులో నాకూ నెత్తురు చాలా పోయింది. దాన్నీ "కొందరికి అంతేలే" అన్నారు.

ఆ సిస్టర్ గారే ఒకరోజు "అమ్మాయికీ పరీక్ష చేయించావా?" అని అడిగారు. చేయిస్తే ఫ్యాక్టర్ 32 శాతం. అంటే తమ్ముడి లోపాన్ని తనూ మోస్తోంది, పైగా దానికీ స్వల్పంగా జబ్బు ఉన్నట్లే లెక్క. ఇప్పుడు నెలసరి రోజుల్లో డాక్టరు రాసిచ్చిన మాత్రలు వేసుకుంటుంది. రక్తహీనత తగ్గింది. రేపు కాన్పు సమయంలో డాక్టరుకి ముందే చెబితే ప్రమాదం తప్పుతుంది.

దానికిప్పుడు ఇరవై ఏళ్లు. సంబంధాలు అడుగుతున్నారు. "ఈ సంగతి బయటికి చెప్పకే" అంది మా అమ్మ. తమ్ముడి చావుని అరవై ఏళ్లు దాచిన అలవాటు ఆవిడది. అప్పుడు మా అత్తయ్యే కల్పించుకుంది. "ఎందుకు దాచాలి వదినా? అప్పుడు మీరు చెప్పి ఉంటే వీడి మొదటి మూడు రోజులు మనం పసుపు అద్దుకుంటూ కూర్చునేవాళ్లమా?" అంది. అమ్మ తలదించుకుంది. అమ్మ తప్పు కూడా కాదు. ఆవిడకి తెలిసిందల్లా భయమే.

పెళ్లయ్యాక గర్భం నిలిచిన తొలి నెలల్లోనే బిడ్డకు ఈ జబ్బు ఉందో లేదో చూసే పరీక్ష ఉంది. లింగనిర్ధారణని నిషేధించిన 1994 చట్టమే, ఇలాంటి జన్యుజబ్బుల కోసం నమోదైన కేంద్రాల్లో పరీక్ష చేయడానికి అనుమతిస్తోంది. చేయించుకోవాలా వద్దా అన్నది మా అమ్మాయి, దాని భర్త కలిసి తేల్చుకోవాల్సిన మాట. తెలిసి తేల్చుకోవాలన్నదే నా కోరిక.

ఇవి గుర్తుంచుకోండి

* పాకే పిల్లలకి కారణం లేకుండా కమిలిన మచ్చలు, నోట్లో చిన్న గాయానికే గంటల తరబడి నెత్తురు, సున్తీ తర్వాతో టీకా వేసినచోటో ఆగని వాపు ఉంటే రక్తం గడ్డకట్టే పరీక్ష చేయించండి.
* ఆస్పిరిన్ లాంటి నొప్పిమాత్రలు వద్దు. జ్వరానికి పారాసెటమాల్ డాక్టరు చెప్పిన మోతాదులో. కండలోకి సూది వద్దు. టీకాలు మానకండి, ఎలా వేయాలో ముందే డాక్టర్ని అడగండి.
* తల, మెడ, కడుపు మీద దెబ్బ తగిలితే వాపు కోసం ఎదురుచూడకండి. ముందు ఫ్యాక్టర్, తర్వాత మిగతావన్నీ.
* పిల్లవాడి జేబులో జబ్బు పేరు, ఫ్యాక్టర్ శాతం, రక్తం గ్రూపు రాసిన కార్డు ఉంచండి. బళ్లో టీచరుకి చెప్పండి.
* ప్రభుత్వాస్పత్రిలో, సంఘంలో పేరు నమోదు చేయించండి. వైకల్య సర్టిఫికెట్ తీసుకోండి. మీ పేరు పుస్తకంలో ఉంటేనే వచ్చే ఏడాది మందు లెక్కలో ఉంటుంది.
* అక్కచెల్లెళ్లకీ, పిన్నమ్మ, పెద్దమ్మ కూతుళ్లకీ పరీక్ష చేయించండి.

మావాడికిప్పుడు పదిహేడు నిండాయి. ఇంటర్ చదువుతున్నాడు. ఎడమకాలు కొంచెం ఈడుస్తాడు. క్రికెట్ ఆడడు గాని స్కోరు రాస్తాడు, ఈత కొడతాడు. పోయినేడు నుంచి తన సూది తనే వేసుకుంటున్నాడు. నేను పక్కన నిలబడితే "నువ్వెళ్లి కూర చూసుకోమ్మా" అంటాడు.

మా కలెక్టరాఫీసు ముగ్గురం ఇప్పుడు పదకొండు మందిమయ్యాం. ఈ మధ్య మళ్లీ ఒక సోమవారం అర్జీ ఇచ్చాం. ఈసారి సీసాలు అడగలేదు. ప్రతి జిల్లా ఆస్పత్రిలో శిక్షణ పొందిన ఇద్దరు నర్సులు ఉండాలని, ఒకరికి బదిలీ అయితే రెండోవారు ఉండగానే కొత్తవారికి నేర్పాలని అడిగాం. మూడు నెలల మందు ఎప్పుడూ నిలవ ఉండాలని, రాత్రిపూట స్టోరు తాళంచెవి క్యాజువాలిటీలోనే ఉండాలని రాశాం.

అర్జీ చదివిన అధికారి తలెత్తి, "తాళంచెవి కోసం కూడా అర్జీయా అమ్మా?" అని నవ్వారు.

నాకు నవ్వు రాలేదు. పక్కనే నిలబడ్డ మావాడు తన ఎడమకాలు చూపించి, "అవునండీ. ఒక్క రాత్రి అది దొరకలేదు" అన్నాడు.

ఆయన నవ్వు ఆగిపోయింది. అర్జీ మీద సంతకం పెట్టి, తాళంచెవి అన్న మాట కింద ఎర్రసిరాతో గీత గీశారు. మిగతావాటికి జవాబు ఇంకా రాలేదు. వచ్చే సోమవారం మళ్లీ వెళ్తాం.